లైను సంగతి తర్వాత, ముందు కొమ్ము చూపించండి

ప్రశ్న: మా పొలం మీదుగా 400 కేవీ (4 లక్షల వోల్టుల) కరెంటు లైను పోతుంది. దాని కింద కట్టేసే ఏడేళ్ల ఎద్దు నెల రోజులుగా తల విదిలిస్తోంది. కుడి ముక్కులోంచి రక్తం కారుతోంది, కుడి కొమ్ము వంగింది. అయస్కాంత క్షేత్రంతో ఎలుకలకు క్యాన్సర్ వచ్చిందని ఫోనులో చదివాను. మా ఎద్దుకూ లైను వల్లే వచ్చిందా? మందుల దుకాణంవాళ్లు నెల రోజులుగా చీటీ లేకుండా వేస్తున్న, పేరు తెలియని సూదులతో తగ్గలేదు.
– ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: ఇది కొమ్ము క్యాన్సరే అని నా అనుమానం. టవర్లు లేని ఊళ్లలోనూ నడివయసు ఎద్దులకు వస్తుంది. లైనును తప్పుపట్టడానికి ఆధారం లేదు.

మీరు చదివింది బహుశా అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 1999లో ప్రకటించిన పరీక్ష గురించి. ఎలుకలను, చిట్టెలుకలను రెండేళ్లు, రోజుకు 18.5 గంటల చొప్పున, గరిష్ఠంగా 1000 మైక్రోటెస్లాల (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) క్షేత్రంలో ఉంచారు. మగ ఎలుకల థైరాయిడ్‌లో గడ్డలు కాస్త ఎక్కువ కనిపించినా, అది క్షేత్రం వల్లేనని తేల్చలేకపోయారు. ఆడ ఎలుకల్లో, చిట్టెలుకల్లో క్యాన్సర్ పెరిగిన దాఖలా లేదు. 400 కేవీ లైను కింద నేల దగ్గర ఉండేది సాధారణంగా కొన్ని మైక్రోటెస్లాల నుంచి కొన్ని పదుల వరకే. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్షేత్రాలను క్యాన్సర్ కలిగించవచ్చనే అనుమానిత జాబితాలో చేర్చింది పిల్లల రక్త క్యాన్సర్ లెక్కలు చూసే. జంతువుల ఆధారాలు చాలవనే చెప్పింది.

ఇప్పుడు అసలు పని. ఈ వారమే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేయండి, లేదా ఎద్దును పశువైద్యశాలకు తీసుకెళ్లండి. జబ్బు తేలితే కొమ్మును మొదలంటా తీసేయాలి. ఆపరేషన్‌కు 24 గంటల ముందు మేత, 12 గంటల ముందు నీళ్లు ఆపండి. తర్వాత అవసరమనుకుంటే డాక్టరు విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందును కిలో బరువుకు 0.025 మి.గ్రా. చొప్పున వారానికోసారి నరానికి ఎక్కిస్తారు. నరం తప్పితే అక్కడి కండ కుళ్లిపోతుంది, కాబట్టి ఇంకెవరి చేతా వేయించకండి. కుట్లు తీసేదాకా ఈగలు వాలనివ్వకండి.

దుకాణం సూదుల మాట! నెల రోజులు ఏ మందు వేశారో మీకే తెలియదు, చీటీ కూడా లేదు. యాంటీబయాటిక్‌తో క్యాన్సర్ తగ్గదు. వాపు తగ్గించే స్టెరాయిడ్ పడి ఉంటే నాలుగు రోజులు నయమైనట్టు కనిపించి జబ్బు లోలోపల ముదురుతుంది. మందు అమ్మేవారు జబ్బు తేల్చేవారు కారు. ఖాళీ సీసాలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. మిగతా ఎద్దుల కొమ్ములను చెక్కడం, రంగులు పూయడం మానండి. ఆ రాపిడి మీదా అనుమానం ఉంది.

లైనుతో మీకు నిజంగా ఉన్న ప్రమాదం వేరు. దాని కింద పొడుగ్గా లాగిన ఇనుప కంచెలోకి కరెంటు చేరవచ్చు, ఎర్తింగ్ చేయించండి. ఉరుములప్పుడు పశువులను టవర్ కాళ్ల దగ్గర కట్టకండి.