ఉద్యోగం వచ్చాక కూడా పే స్లిప్‌లు పంపకపోతే భృతి ఆగుతుందా? (ఆస్ట్రేలియా)

మీకు ఉద్యోగం వెతకడంలో సాయపడే సంస్థ (ప్రొవైడర్) మీ పే స్లిప్‌ల వెంటపడేది తన బిల్లు కోసం. వర్క్‌ఫోర్స్ ఆస్ట్రేలియా (ప్రభుత్వ ఉపాధి సేవ) ఒప్పందం ప్రకారం మీరు 4, 12, 26 వారాలు పనిలో నిలిస్తే ప్రభుత్వం వారికి సొమ్ము చెల్లిస్తుంది. అందుకు రుజువు కావాలి. ఇవ్వడం మీ ఇష్టం, బాధ్యత కాదు. ఇవ్వలేదని భృతి ఆగదు.

చాలామంది పొరబడేది వేరే చోట: స్లిప్ ఆ సంస్థకు పంపితే, భృతి చెల్లించే ప్రభుత్వ విభాగమైన సెంట్రలింక్‌కు చెప్పినట్లే అనుకుంటారు. కానే కాదు.

1. ఆదాయం రెండు వారాలకోసారి సెంట్రలింక్‌కు మీరే తెలపాలి.
2. బ్యాంకులో పడిన మొత్తం కాదు. స్లిప్‌లో 'గ్రాస్' గడిలోని అంకె, అంటే పన్ను కోతకు ముందుది.
3. పనిచేసిన రోజు కాదు, జీతం అందిన రోజే లెక్క.

స్లిప్‌లు ఇవ్వకపోతే భృతి ఆపేస్తామని ఆ సంస్థ బెదిరిస్తే 1800 805 260కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.