పాత స్టీలు రోడ్డు సైకిలు: గొట్టాలు, చక్రాల మార్పిడి – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రెనాల్డ్స్ కంపెనీ 531 రకం మేలు ఉక్కు గొట్టాలతో చేసిందని చెప్పి ఒక పాత ఫ్రేమ్ అమ్మారు. మళ్లీ రంగు వేయించడంతో స్టిక్కర్లు పోయాయి. అది నిజమో కాదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

జవాబు: ఏ కంపెనీ గొట్టమో కచ్చితంగా చెప్పలేం గానీ, పలుచటి మేలు రకమా, మందపాటి సాదా రకమా అన్నది వెర్నియర్ కాలిపర్‌తో తేలిపోతుంది. సీటు కడ్డీ బయటికి లాగి దాని వ్యాసం కొలవండి. సీటు గొట్టం బయటి వ్యాసం కూడా కొలవండి. రంగు పొర వల్ల ఈ కొలత కాస్త ఎక్కువ వస్తుంది, అది తీసేసి లెక్కించాలి.

బయట 28.6 మి.మీ. ఉండి కడ్డీ 27.2 అయితే, పైభాగంలో గొట్టం గోడ 0.6–0.7 మి.మీ. మాత్రమే ఉన్నట్టు. చివర్లు మందంగా, నడుమ పలుచగా లాగిన బటెడ్ 531కి, కొలంబస్ అనే ఇంకో కంపెనీ ఎస్ఎల్ రకానికి ఇదే కడ్డీ వస్తుంది. అదే కొలంబస్ ఎస్పీ రకానికి 27.0. కడ్డీ 25.4 అయితే గోడ 1.6 మి.మీ., అది సాదా కార్బన్ స్టీలే, ఎవరేం చెప్పినా సరే. ఫ్రెంచి ఫ్రేముల దగ్గర చాలామంది పొరబడతారు. వాటి సీటు గొట్టం బయటి వ్యాసమే 28.0. అందుకే 26.4 కడ్డీ చూసి తీసిపారేయకండి, అక్కడ అది మంచి గుర్తే. ఫోర్కు విప్పి దాని స్టీరర్ గొట్టం (తల గొట్టంలో దూరి హ్యాండిల్‌ను పట్టే పైభాగం) లోపలికి కింది నుంచి టార్చి వేసి చూడండి. మెలితిరిగిన గట్లు కనిపిస్తే అది కొలంబస్ కావచ్చు.

ఇంకో మాట. 1935లో వచ్చిన 531 మాంగనీస్-మాలిబ్డినమ్ ఉక్కు, కొలంబస్ ఎస్ఎల్ క్రోమ్-మాలిబ్డినమ్ ఉక్కు. బలంలో తేడాలున్నా బిగువులో, అంటే వంగకుండా నిలిచే గుణంలో, ఉక్కులన్నీ దాదాపు ఒకటే, 200 గిగాపాస్కల్ దగ్గర ఉంటాయి. తొక్కేటప్పుడు తెలిసే తేడా గొట్టం వ్యాసం వల్ల, గోడ మందం వల్ల వస్తుంది. గట్టి ఉక్కు చేసే మేలల్లా గోడను పలుచన చేయనివ్వడమే. కాబట్టి స్టిక్కరు మీద పేరు కంటే ఈ రెండు కొలతలకే మేం ఎక్కువ విలువ ఇస్తాం.

ప్రశ్న: 27 అంగుళాల చక్రాలు తీసి 700సి అనే కొలత చక్రాలు వేయాలి. బ్రేకులు అందుతాయా?

జవాబు: టైరు కూర్చునే చోట రిమ్ వ్యాసం 27 అంగుళాలకు 630 మి.మీ., 700సికి 622. తేడా 8 కాబట్టి బ్రేకు రబ్బరు 4 మి.మీ. కిందికి దిగాలి. ఇప్పుడు రబ్బరు బ్రేకు చేతిలోని నిలువు గాడిలో ఎక్కడుందో చూడండి. గాడిలో కింది వైపు ఇంకో 4 మి.మీ. ఉంటే పాత బ్రేకులే సరిపోతాయి, చాలా సైకిళ్లలో ఉంటుంది కూడా. లేకపోతే బ్రేకు బోల్టు నడిమి నుంచి కొత్త రిమ్ మీద రబ్బరు తగిలే చోటు నడిమి వరకు నిలువుగా కొలిచి, ఆ కొలత వచ్చే బ్రేకు తెచ్చుకోండి. మధ్య రకాలు 47–57, పొడుగు రకాలు 55–73 మి.మీ. అందుకుంటాయి. కొనేముందు బోల్టు సంగతి చూసుకోవాలి. పాత ఫ్రేములకు వెనక మామూలు నట్టు పడే పొడవాటి బోల్టు కావాలి. ఇప్పటి బ్రేకులు చాలావరకు రంధ్రంలో దాగే అలెన్ నట్టుతో వస్తాయి, దానికి వెనక రంధ్రం 8 మి.మీ. ఉండాలి. వెనక బ్రేకు బిగించే సన్నటి అడ్డ గొట్టాన్ని (వెనక బ్రిడ్జిని) తొలిచే బదులు నట్టు రకం బ్రేకే వెతకండి.

టైరు సన్నదైతే సైకిలు ఎత్తు కూడా తగ్గుతుంది. 27×1¼ స్థానంలో 700×28 వేస్తే పెడళ్లు సుమారు 8 మి.మీ. నేలకు దగ్గరవుతాయి. మలుపులో పెడలు నేలకు తగలకుండా 32 టైరు వేయడం మేలు. పాతవి క్రోమ్ పూసిన స్టీలు రిమ్ములైతే ఈ మార్పిడి తప్పక చేయండి. వానలో వాటి మీద బ్రేకు దాదాపు పట్టదు, అల్యూమినియం మీద బాగా పడుతుంది.

ప్రశ్న: వెనక ఫోర్కు మధ్య ఎడం 126 మి.మీ. ఉంది. 130 హబ్బు వేయాలంటే వంచక తప్పదా?

జవాబు: తప్పక వంచాలనేం లేదు. ఒక్కో వైపు 2 మి.మీ. చేత్తో తెరిచి చక్రం దూర్చవచ్చు. పంక్చరు పడినప్పుడల్లా ఆ తంటా తప్పదు, డ్రాపౌట్లు (ఇరుసు కూర్చునే గాడి పలకలు) కూడా కొంచెం వాలుగా ఉండిపోతాయి. రోజూ తొక్కే సైకిలైతే చల్లగా ఉండగానే వంచి కుదర్చడం మంచిది. వేడి చేయకూడదు.

ముందు దారం పరీక్ష. ఒక డ్రాపౌట్ నుంచి దారం హ్యాండిల్ కింది తల గొట్టం చుట్టూ తిప్పి రెండో డ్రాపౌట్‌కు బిగువుగా కట్టండి. సీటు గొట్టం నుంచి దారానికి రెండు వైపులా ఉన్న దూరాలు రాసుకోండి. తర్వాత ఒక్కో వైపు విడివిడిగా వంచాలి. పొడవాటి రాడ్డు మీద నట్లు తిప్పి రెండు వైపులా ఒకేసారి తోస్తే బలహీనమైన వైపే ఎక్కువ వంగుతుంది, చక్రం పక్కకు జరుగుతుంది. కుడి చైన్ స్టే (పెడళ్ల ఇరుసు నుంచి వెనక చక్రం దాకా పోయే కింది గొట్టం) మీద పళ్ల చక్రానికి చోటిచ్చే నొక్కు ఉంటుంది కనుక సాధారణంగా అదే ముందు లొంగుతుంది. స్టీలుకు వెనక్కి లాగే గుణం ఎక్కువ. కావలసిన కొలత దాటి చాలా దూరం తెరిస్తే గానీ 2 మి.మీ. నిలవదు. అందుకని కొద్దికొద్దిగా పెంచుతూ, వదిలిన ప్రతిసారీ కొలవండి. చివరికి దారం దూరాల తేడా ఒక మిల్లీమీటరు లోపు ఉండాలి.

పని ఇంతటితో అయిపోదు, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. డ్రాపౌట్ల ముఖాలు మళ్లీ ఎదురెదురుగా సమానంగా నిలవాలి, గేరు డిరైలర్ తగిలించే చెవి కూడా నిటారుగా రావాలి. రెండింటికీ వేర్వేరు పనిముట్లున్నాయి, మంచి మెకానిక్ దగ్గర దొరుకుతాయి. ఇది వదిలేస్తే పాత ఫ్రీవీల్ రకం (గేరు పళ్ల గుత్తిని మర తిప్పి బిగించే) హబ్బుల్లో ఇరుసు వంగుతుంది, విరుగుతుంది. వెనక బ్రిడ్జి అతుకుల దగ్గర రంగు చిట్లిందేమో కూడా చూడండి.

రెనాల్డ్స్ 753 రకం గొట్టాలను మాత్రం వంచకూడదు. అది వేడితో గట్టిపరచిన పలుచటి గొట్టం. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల జోలికీ పోకండి. వాటికి హబ్బునే మార్చుకోవాలి. చాలా 130 హబ్బుల్లో ఎడమ పక్క 4 మి.మీ. స్పేసరు తీసి, ఇరుసు ఆ మేరకు కోసి, రిమ్‌ను మళ్లీ నడిమికి లాగితే 126కి వస్తుంది.

ప్రశ్న: తల గొట్టం వెనక, కింది గొట్టం అడుగున రంగు ముడతపడింది. తొక్కవచ్చా?

జవాబు: వద్దు. ముందు నుంచి గట్టి దెబ్బ తగిలిన గుర్తు అది. గొట్టం మార్చాల్సిందే.

ప్రశ్న: 700సి ఫ్రేములో 650బి చక్రాలతో వెడల్పాటి టైర్లు వేయాలని ఉంది. నడక పాడవుతుందా?

జవాబు: లెక్క సరిగా వేస్తే పాడవదు. 650బి రిమ్ 584 మి.మీ., అంటే వ్యాసార్ధం 292. దాని మీద 42 టైరు వేస్తే 334. 700×23 కూడా 311, 23 కలిపి 334 మి.మీ. పెడళ్ల ఎత్తు అలాగే ఉంటుంది. 38 టైరు వేస్తే 4 మి.మీ. తగ్గుతుంది.

అడ్డొచ్చేది చైన్ స్టేల మధ్య జాగా. 42 టైరు వెడల్పు ఇరుసు నుంచి సుమారు 313 మి.మీ. దూరంలో ఎక్కువ. అక్కడ లోపలి ఎడం కొలవండి, టైరుకు రెండు పక్కలా 4 మి.మీ. చొప్పున, అంటే 50 మి.మీ. కావాలి. పాత రేసు ఫ్రేముల్లో అంత ఉండకపోవచ్చు, అప్పుడు 38తో సరిపెట్టుకోవాలి. బ్రేకు రబ్బరు 19 మి.మీ. కిందికి దిగుతుంది. బోల్టు నుంచి రబ్బరు వరకు ఇప్పుడు 45 ఉంటే 64 అవుతుంది, 55–73 బ్రేకు చాలు. ఫ్రేము అసలు 27 అంగుళాలదైతే 23 మి.మీ. దిగాలి. ఇప్పటి కొలత 50 దాటితే ఆ బ్రేకూ అందదు, అలాంటప్పుడు 700సిలో ఉండిపోవడమే మంచిది.