రెండు జబ్బులు, ఒకే నోటుపుస్తకం

చి. సౌ. సుజాతకు,

తిరుపతి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ వేళ్ల వాపు రుమటాయిడ్ కీళ్లవాతమేనని రాయవేలూరులో తేల్చి చెప్పారట, మీ అమ్మ ఫోన్ చేసింది. షుగర్ నీకు ముందే ఉంది. ఏళ్ల తరబడి ఈ రెండింటితోనూ ఇల్లు నడుపుకొస్తున్నదాన్ని కాబట్టి, మందుల చీటీలో రాయని సంగతులు కొన్ని నీకు రాయాలనిపించింది.

షుగర్ డాక్టరు షుగర్‌కు మంచిది చెబుతారు, కీళ్ల డాక్టరు కీళ్లకు మంచిది చెబుతారు. ఆ రెండు మాటలూ కలుసుకునేది నీ ఒంట్లోనే. ఒకదానికి మేలు చేసేది రెండోదానికి కీడు చేయొచ్చు. అందుకే ఇద్దరికీ చూపించడానికి ఒకే నోటుపుస్తకం పెట్టుకో. ఎడమ పేజీలో షుగర్ ఎంత, ఎప్పుడు చూశావు, ఏం తిన్నావు. కుడి పేజీలో పొద్దున బిగుసుకుపోయిన చేతులు ఎంతసేపటికి వదిలాయి, ఏ కీలు వాచింది, ఆ రోజు ఏ మాత్రలు వేసుకున్నావు. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా మొత్తం పుస్తకం ముందు పెట్టు.

నీకు కొన్ని వారాల పాటు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాశారన్నావు. అది నొప్పిని త్వరగా లాగేస్తుంది, షుగర్‌ను పెంచుతుంది. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకుంటే మర్నాడు పరగడుపున షుగర్ దాదాపు మామూలుగానే కనిపించొచ్చు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మాత్రం ఎక్కేస్తుంది. పరగడుపు లెక్క ఒక్కటే చూసి బాగుందనుకోకు. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకూ, రాత్రి అన్నానికి ముందూ చూసి రాసిపెట్టు, షుగర్ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పు. షుగర్ పెరిగిందని భయపడి ఆ మాత్రను నీ అంతట నువ్వు ఆపేయొద్దు. దాన్ని డాక్టరు మెల్లమెల్లగా తగ్గిస్తూ రావాలి, ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం.

కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ అంతకంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన మందు. అది వారానికి ఒక్కరోజే. మిగతా మాత్రలతో పాటు రోజూ వేసేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నేను పెట్టె మీద స్కెచ్ పెన్నుతో 'బుధవారం మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాసి, రోజూ వేసుకునే మాత్రల డబ్బాలో కలవకుండా బీరువాలో పెడతాను. శనివారం పెట్టుకోవద్దు. మన ఇళ్లలో శనివారం ఒంటిపొద్దులుంటాయి, స్వామికి మొక్కే పెరటాసి నెలొస్తే చెప్పనే అక్కర్లేదు. డాక్టరు చెప్పినరోజు ఫోలిక్ యాసిడ్ మరవకు. రక్తం, లివర్, కిడ్నీ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించు. ఇంకో మాట, ఈ మందు పట్టు దొరకడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నెల తిరక్కుండానే పని చేయలేదని విసుగు పడి వదిలేసినవాళ్లను చూశాను, వాళ్ల వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి.

ఇక పొద్దుటిపూట సంగతి. లేవగానే పిడికిలి పట్టదు. బ్రష్షు జారిపోతుంది, స్టవ్వు నాబ్ తిప్పబోతే బొటనవేలి మొదట్లో ప్రాణం విలవిల్లాడుతుంది. అదే చెయ్యి పదకొండింటికల్లా చాలావరకు పనిచేస్తుంది. ఇంట్లోవాళ్లకు ఇక్కడే అనుమానం వస్తుంది. పొద్దున లేని చేతులు మధ్యాహ్నానికి ఎక్కణ్ణించి వచ్చాయని మీ అత్తగారు అన్నారట. ఆమె మీద కోపం పెట్టుకోకమ్మా, ఈ జబ్బు తీరే అంత, చూసేవాళ్లకు నటనలాగే ఉంటుంది. వచ్చేసారి ఆస్పత్రికి మీ ఇంటాయన్ని వెంటబెట్టుకుని వెళ్లు. డాక్టరు నోటితో ఆ మాట ఆయన విని, ఇంటికొచ్చి వాళ్లమ్మకు చెబితే నువ్వు చెప్పినదానికన్నా బాగా నాటుతుంది.

పొద్దుటి పని రాత్రికి మార్చుకో. కూరగాయలు తరగడం, చపాతీ పిండి కలపడం సాయంత్రం చేతులు బాగున్నప్పుడు చేసిపెట్టు, లేదా పిల్లల చేత చేయించు. లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి మెల్లగా ముడుస్తూ తెరుస్తూ ఉండు. గ్లిమిపిరైడ్ మాత్ర టిఫిన్‌కు ముందు వేసుకుంటావు కదా, చేతులు రాక టిఫిన్ ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. కాబట్టి ప్లేటు ముందుకొచ్చాకే మాత్ర నోట్లో వేసుకో. చెమటలు పట్టి, గుండె దడదడలాడి, 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజో చక్కెరో నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడు. అలాంటప్పుడు లడ్డూ తినకు. దాన్లోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది.

రక్తం చూసుకునేటప్పుడు వాచిన వేలిని వదిలేసి, ఇంకో వేలి కొనకు పక్కగా గుచ్చు, నొప్పి తక్కువ. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకో. మామిడికాయల కాలంలో పండు కోసిన చేత్తోనే చూసుకుంటే లేని షుగర్ కూడా కనిపిస్తుంది.

తిండి విషయంలో నీకు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. వంకాయ వాతం, పప్పు వాతం అని రెండూ మానమంటారు. పప్పు మానితే పళ్లెంలో మిగిలేది అన్నమే, షుగర్ ఎందుకు పెరగదు? నీకు పడదని నువ్వు గమనించినదేదైనా ఉంటే అది మానేయ్, అంతే. రాగిసంగటి షుగర్‌కు మందు అనుకుని రెండు ముద్దలు పెట్టించుకోవద్దు. రాగుల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ, పైగా మనం బియ్యం వేసే కదా ఉడికిస్తాం. చిన్న ముద్ద, దానికి మించి ఆకుకూర పప్పో అలసందల కూరో, కాస్త ఊరిబిండి. చలికాలంలో అనపగింజలు శుభ్రంగా తిను, పితికే పని మాత్రం నీ వేళ్లకు వద్దు, అది ఇంకొకరికి అప్పగించు.

కాళ్లు చాలా ముఖ్యం. షుగర్ స్పర్శను తగ్గిస్తుంది, కీళ్లవాతం వేళ్లను పక్కకు తిప్పి చెప్పులో కొత్తచోట ఒరిసేలా చేస్తుంది. పుండు పడినా తెలియదు. వంగలేవు కాబట్టి రాత్రిపూట మీ పాప చేత అరికాళ్లు చూపించుకో. ఇంట్లోనూ మెత్తటి రబ్బరుతో చేసే ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకో. వేడినీళ్లు కీళ్లకు హాయే, కానీ మొద్దుబారిన కాలికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి, ముందు ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నావని విన్నాను. 3550 మెట్లు, అదీ చెప్పుల్లేకుండా, మోకాళ్లకూ అరికాళ్లకూ కూడా చేటే. బస్సులో వచ్చినవాళ్లకూ స్వామి దర్శనమిస్తాడు, ఆ మొక్కు ఇంకోలా తీర్చుకుందాం. నడక మానమని కాదు. వాపు లేని రోజుల్లో అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు చదును నేలమీద చెప్పులతో నడు. వాపున్న రోజు కూర్చుని కాళ్లూ చేతులూ కదిలిస్తే చాలు.

పుత్తూరు కట్టు కట్టించుకోమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది విరిగిన ఎముకలకు కట్టేది, నీకు ఎముక విరగలేదు. పేరూ ఊరూ లేని నొప్పుల పొడులు అసలే వద్దు, అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే నొప్పి మాత్రలు కూడా కొనకు, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలు వాటికి తట్టుకోలేవు. నొప్పి ఓర్చుకోమని అనడం లేదు, కిడ్నీ పరీక్ష చూసిన డాక్టరు రాసింది వేసుకోమంటున్నా.

జ్వరం వస్తే ఆ వారం మెథోట్రెక్సేట్ వేసుకునేముందు ఫోన్ చేసి అడుగు. ఏటా ఫ్లూ టీకా, ఇంకా న్యుమోనియా టీకా సంగతి కూడా కనుక్కో.

దసరా సెలవులకు పిల్లలతో వస్తానన్నావట. నోటుపుస్తకం, మాత్రల అట్టలన్నీ, పాత రక్తపరీక్షల కాగితాలూ తెచ్చుకో. కళ్ల పరీక్ష ఇక్కడే చేయిద్దాం. షుగర్‌కు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి, కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర కూడా రాసి ఉంటే దానికీ చూపించాలి, ఏ మందులు వాడుతున్నావో కళ్ల డాక్టరుకు ముందే చెప్పు. చుక్కల మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, కాబట్టి ఆ సాయంత్రం చిత్తూరు బస్సెక్కే ఆలోచన పెట్టుకోకు, రాత్రికి మా ఇంట్లోనే ఉండి పోదువుగాని.

మీ పెద్దమ్మ