వల మీదే, మరి నాడాలు ఎవరు కొట్టించారు?

ప్రశ్న: మాది హైదరాబాద్. రేసుల నుంచి రిటైరైన ఒక గుర్రాన్ని తెచ్చుకుని, నెలకు 25 వేలు కట్టి మొయినాబాద్ వైపు ఒక రైడింగ్ స్కూల్లో ఉంచాను. ఒళ్లు బాగా చేసిందని, ఇలాగే ఉంటే లామినైటిస్ (గిట్టల లోపలి వాపు జబ్బు) వస్తుందని డాక్టర్ చెప్పారు. గడ్డి ఒకేసారి తినేయకుండా చిన్న కన్నాల స్లో ఫీడర్ వల ఆన్‌లైన్‌లో కొని స్కూలుకు ఇచ్చాను. వినాయక చవితి అయ్యాక ఒక తెల్లవారుజామున ముందు కాలు ఆ వలలో చిక్కుకుంది. గింజుకోవడంతో స్నాయువు తెగింది. వైద్యానికి 1,80,000 రూపాయలు అయింది. ఇక స్వారీకి పనికిరాదన్నారు. స్కూలు వాళ్లను అడిగితే, ‘వల మీది, కింద కట్టమన్నది మీరు, చేరేటప్పుడు ఫారం మీద సంతకం కూడా పెట్టారు’ అంటున్నారు. డాక్టర్ మాకు స్నేహితుడే. వల ఎత్తుగా కట్టాలని పాత తేదీతో చీటీ రాసిస్తానంటున్నారు. మావాళ్లు పోలీసు కేసు పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. గుర్రం బెల్లం ముక్క ఎలా అందుకునేదీ, మీ కారు చప్పుడు వింటే ఎలా సకిలించేదీ అన్నీ రాశారు. ప్రమాదం జరిగిన తేదీ మాత్రం ఎక్కడా రాయలేదు. మీరు జతచేసిన వైద్య బిల్లు మీద 2023 సెప్టెంబర్ 21 అని ఉంది కాబట్టి నాకు తెలిసింది. ఆ తేదీతోనే మొదలుపెడదాం. ఎందుకంటే మీకు మిగిలింది ఆరు వారాలు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం, వివాదానికి కారణమైన సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. నేనిది రాస్తున్నది 2025 ఆగస్టు మొదటి వారంలో. సెప్టెంబర్ 20 దాటితే, ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిషన్‌ను వేరే ఒప్పించుకోవాలి. ‘మాట్లాడుకుంటున్నాం, సెటిల్ చేస్తామన్నారు’ అనేది సాధారణంగా నిలబడే కారణం కాదు. వాట్సాప్‌లో వాళ్లు పెట్టిన ‘చూద్దాం మేడమ్’ అనే మెసేజ్ బాధ్యత ఒప్పుకోవడం కిందికి రాదు. లాయరు నోటీసు పంపినా గడియారం ఆగదు. ఇన్ని నెలలూ ఫోన్లతో గడిపేశారు, ఇది మీ చేతులారా చేసుకున్నదే. సివిల్ కోర్టులో కాంట్రాక్టు ఉల్లంఘన దావాకు మూడేళ్ల గడువు ఉంది గానీ, అక్కడ కోర్టు ఫీజు కట్టాలి, కాలమూ ఎక్కువ పడుతుంది. దాన్ని ఆఖరి దారిగానే ఉంచుకోండి. నిమజ్జనం అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

ఇక అసలు విషయం. గుర్రాన్ని మీరు స్కూలు వాళ్లకు అప్పగించారు, దాన్ని చూసుకోవడానికి వాళ్లు డబ్బు తీసుకున్నారు. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చిన పట్టుచీర విషయంలో ఏ చట్టం వర్తిస్తుందో, ఇక్కడా అదే. కాంట్రాక్టు చట్టం, 1872 దీన్ని బెయిల్‌మెంట్ అంటుంది. సెక్షన్ 151 ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువును అంత జాగ్రత్తగా చూడాలి. బాగున్న గుర్రాన్ని ఇచ్చారని, వాళ్ల అధీనంలో ఉండగా దెబ్బతిన్నదని మీరు చూపిస్తే చాలు. తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకోవాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది. ఇక్కడి దాకా మీ కేసు బాగానే ఉంది.

చిక్కు మీ మూడో పేజీలో ఉంది. ‘మేసినట్టు తల వంచి తినాలని, కిందికి కట్టమని జూన్‌లో సాయీసుకు (గుర్రాన్ని చూసుకునే పనివాడికి) నేనే వాయిస్ మెసేజ్ పెట్టాను’ అని రాశారు. వాళ్లు పట్టుకున్న కొమ్మ ఇదే. ఈ వాక్యం ఒక్కటే ఉంటే నేను రాజీకి వెళ్లమనేవాడిని. కానీ దాని కిందే మీరు పెద్దగా పట్టించుకోకుండా ఇంకో మాట రాశారు: ‘అప్పుడు విశ్రాంతిలో ఉంది కాబట్టి నాడాలు (గిట్టలకు కొట్టే ఇనుప లాడాలు) తీయించాం.’ మీరు జతచేసిన 2023 ఆగస్టు బిల్లులో, దాణాకూ నులిపురుగుల మందుకూ మధ్య, ‘నాడాలు - 4’ అని ఒక పద్దు ఉంది. తేదీ ఆగస్టు 28. మీరు ఆ బిల్లు కట్టారు గానీ చదవలేదు.

ఆ పద్దు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే వల సంగతి కొంచెం తెలియాలి. కమిషన్ సభ్యులకు కూడా ఇది విడమరిచి చెప్పాల్సిందే, వాళ్లలో గుర్రాలు పెంచినవాళ్లు ఉంటారని అనుకోలేం. గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తూ ఉండే జంతువు. దాని పొట్టలో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది, గంటల తరబడి ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి. ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం దాకా మేత రోజూ పడాలి. అందుకే ఒళ్లు చేసిన గుర్రానికి గడ్డి మానిపించరు, తినే వేగం తగ్గిస్తారు. మూడు నాలుగు సెంటీమీటర్ల కన్నాల్లోంచి పెదవులతో కొంచెం కొంచెం లాక్కుంటూ, గంటలో అయిపోయే గడ్డిని చాలాసేపు తింటుంది. మీ డాక్టర్ చెప్పినది సరైన సలహాయే, వల కొనడమూ తప్పు కాదు. నాడాల్లేని గుర్రానికి చిన్న కన్నాల వల కిందుగా కట్టడం కూడా వాడుకలో ఉన్నదే, ఆ కన్నంలో గిట్ట దూరదు కాబట్టి.

నాడా కొట్టాక లెక్క మారిపోతుంది. మడమ వైపు నాడా కొస గిట్టను దాటి కొంచెం బయటికి ఉంటుంది. ఇనుముకూ గిట్టకూ మధ్య సందులో వల దారం ఇరుక్కుంటే ఊడిరాదు. గుర్రం బెదిరి వెనక్కి గుంజుతుంది. నైలాన్ దారం తెగదు, కాలే తెగుతుంది. పైగా గడ్డి అయిపోయేకొద్దీ వల సాగి ఇంకా కిందికి జారుతుంది. తెల్లవారుజామున వల ఖాళీగా వేలాడుతూ ఉండి ఉంటుంది. అందుకే నాడాలున్న గుర్రానికి, ఖాళీ అయ్యాక కూడా కాలికి అందనంత ఎత్తున వల కడతారు. వలను నేరుగా గోడ కొక్కేనికి కాకుండా, గట్టిగా గుంజితే తెగిపోయే సన్నటి పురితాడుకు కడతారు. గుర్రాలతో బతికేవాళ్లకు ఇది తెలియదంటే ఎవరూ నమ్మరు.

కాబట్టి మీ కేసు వల గురించి కాదు. జూన్‌లో మీరు చెప్పింది నాడాల్లేని గుర్రానికి. ఆగస్టు 28న నాడాలు కొట్టించింది స్కూలు. కొట్టించాక మూడు వారాలకు పైగా వలను అదే ఎత్తున ఉంచింది కూడా స్కూలే. ఫిర్యాదులో మొదటి పేరా ఇదే కావాలి, బెల్లం ముక్క కాదు.

వాళ్ల లాయరు ఏమంటాడో కూడా వినండి. ‘మేడమ్ ప్రతి ఆదివారం వచ్చేవారు, నాడాలు చూశారు, వలా చూశారు, ఒక్క మాట అనలేదు.’ ఇందులో బలం ఉంది. ఆ మూడు ఆదివారాల్లో మీరు వెళ్లారో లేదో నిజం చెప్పండి. వెళ్లి ఉంటే దాచొద్దు. వల ఎవరు ఎక్కడ కట్టాలనేది రోజువారీ పని, ఆ పనికే వాళ్లు ఫీజు తీసుకున్నారు అని జవాబు చెప్పుకోవచ్చు. పరిహారంలో కొంత కోత పడొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

సంతకం పెట్టిన ఫారం గురించి మీరు పడుతున్న టెన్షన్ అనవసరం. ‘గుర్రాలతో ప్రమాదాలు సహజం, యాజమాన్యం బాధ్యత వహించదు’ అనే అచ్చు కాగితం చూపించి సొంత అజాగ్రత్త నుంచి బయటపడటం అంత తేలిక కాదు. సాయీసు పొరపాటైనా యజమానిదే జవాబుదారీ.

ఇప్పుడు ఆ పాత తేదీ చీటీ సంగతి. వద్దు. ఆ డాక్టర్‌కు ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. కేసులో వాడటానికి దొంగ కాగితం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత (2024 జూలై నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 228 కింద నేరం. న్యాయ విచారణ కోసం చేస్తే సెక్షన్ 229 ప్రకారం ఏడేళ్ల దాకా జైలు. మీ స్నేహితుడి రిజిస్ట్రేషన్‌కూ ముప్పే. ఇవన్నీ పక్కన పెట్టినా, అది మీ కేసునే ముంచుతుంది. ‘ఎత్తుగా కట్టాలి’ అని జూన్ తేదీతో చీటీ మీ దగ్గర ఉంటే, అదే జూన్‌లో ‘కిందికి కట్టు’ అని మీ గొంతుతో మెసేజ్ సాయీసు ఫోన్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అబద్ధం ఎవరిదో ఎవరికైనా తెలుస్తుంది. ఆ తర్వాత మీ నిజమైన బిల్లులను కూడా ఎవరూ నమ్మరు. డాక్టర్ చేయగల మేలు ఒకటుంది: ప్రమాదం నాడు తాను చూసిన గాయం ఎలా ఉంది, నాడా కాలికే ఉందా, దారం ఎక్కడ చిక్కుకుంది అన్నది ఈనాటి తేదీతో, అప్పటి కేస్ షీట్ ఆధారంగా అఫిడవిట్ ఇవ్వడం.

పోలీసు కేసు మీద కూడా ఆశ పెట్టుకోకండి. జంతువును గాయపరిచిన నేరానికి, ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఐపీసీలో సెక్షన్ 429 ఉంది గానీ, దానికి ఉద్దేశమో, హాని జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. మరచిపోవడం సరిపోదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అందుకోసం స్టేషన్ చుట్టూ తిరుగుతూ సెప్టెంబర్ దాటించేస్తారు.

సాక్ష్యాల మాటకొస్తే, ఆ వల ఏమైంది? ‘పేడతో పాటు పారేశారట’ అని రాశారు. మీరెందుకు తెచ్చుకోలేదు? సీసీటీవీ రికార్డింగు కూడా ఈపాటికి చెరిగిపోయి ఉంటుంది. అయినా ఒకసారి రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే ఆ మాట ఫిర్యాదులో రాయొచ్చు. మీ ఫోన్లో ఉన్న ఫొటోలో నాడా కొసకు చిక్కుకున్న నీలం దారం కనిపిస్తోంది, ఇప్పుడు అదే మీ వల. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయకండి. ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం పెట్టాలి, ఫైళ్ల హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కంప్యూటర్ సంకేతం) కూడా రాయాలి. ఆఖరి రోజున పరుగెత్తితే ఇది దొరకదు. మీ వాయిస్ మెసేజ్‌ను కూడా మీరే ముందుగా దాఖలు చేయండి. వాళ్లు బయటపెడితే దోషంలా కనిపించేది, మీరు నాడాల తేదీతో కలిపి పెడితే వాదనకు పనికొస్తుంది. ఇవి కాక, గుర్రం మీ పేరున ఉన్నట్టు చూపే కాగితం, కట్టిన ఫీజుల బ్యాంకు వివరాలు, ఆ ఆగస్టు బిల్లు అసలు కాపీ కావాలి. జిల్లా కమిషన్ అఫిడవిట్లు, పత్రాల మీదే తేలుస్తుంది. నాడాలు కొట్టిన మనిషి ఇంకా ఆ చుట్టుపక్కలే పని చేస్తుంటాడు, ఎవరి మాట మీద కొట్టాడో రాసిస్తాడేమో అడగండి. డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఇ-జాగృతి పోర్టల్ ద్వారానూ వేయొచ్చు. సేవకు మీరు కట్టిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు. సొంత స్వారీకి ఉంచుకున్నారు కాబట్టి మీరు వినియోగదారే. గుర్రాన్ని అద్దెకు తిప్పి ఉంటే చిక్కొచ్చేది. 50 లక్షలు అడగమని ఎవరైనా అంటే వినకండి. వైద్యం బిల్లులు, కదలలేని నెలల్లో అదనంగా అయిన ఖర్చు, మనోవేదనకు ఒక మోస్తరు మొత్తం, కేసు ఖర్చులు అడగండి. మొదటి విచారణలో మధ్యవర్తిత్వానికి పంపుతామంటే కాదనొద్దు. ఆ బిల్లు పద్దు బల్ల మీద పెట్టాక, అవతలివాళ్లు కోర్టుకు ముందే మెత్తబడొచ్చు.

గుర్రాన్ని ఇప్పుడు వేరే చోట ఉంచారని, అక్కడా వల వాడుతున్నారని రాశారు. ఈసారి సాయీసుకు వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకోకండి. వల ఎంత ఎత్తున, దేనికి కట్టాలి, నాడాలు కొట్టించే ముందు మీకు చెప్పాలి అన్నది ఒక కాగితం మీద రాసి, యాజమాన్యంతో సంతకం పెట్టించి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.