చెరువు కట్ట ముచ్చట్లు: మీరు అడిగిండ్రు, మేం చెప్తున్నం

బతుకమ్మ దగ్గరికొస్తుంటే మాకొచ్చే ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లల్ల సగం చెరువుల మీదనే ఉంటయి, ఈసారి ఇంకా ఎక్కువొచ్చినయి, అందుకే ఈ నెల కాలమ్ మొత్తం నీళ్ల ఒడ్డున ఉన్న మన ఊర్లకే ఇచ్చినం. పేర్లు వెయ్యొద్దన్నోళ్లు ఎక్కువున్నరు కాబట్టి ఊరు పేరే వేస్తున్నం.

ప్రశ్న: మేం కొత్తగా చెరువు పక్కన అపార్ట్‌మెంట్‌కు వచ్చినం. ఎండాకాలంల నీళ్లు ఆకుపచ్చగ అయినయి, ఒకరోజు తెల్లారి చూస్తే మస్తు చేపలు చచ్చి తేలినయి. ఎవరో మందు కలిపిండ్రని వాచ్‌మెన్ అంటుండు, నిజమేనా? (హన్మకొండ నుంచి ఒక చెల్లె)

జవాబు: మందు కలిపే దుర్మార్గం అక్కడక్కడ జరుగుతనే ఉంటది గానీ చెల్లె, మీరు చెప్పిన లెక్క చూస్తే ఊపిరాడక చచ్చినట్టే అనిపిస్తుంది. ఇండ్ల మురికినీళ్లు నాలాల నుంచి చెరువుల కలిస్తే అది నాచుకు ఎరువు వేసినట్టే. నాచు పెరిగి నీళ్లు పచ్చగైతయి, పగటిపూట ఎండ ఉన్నంతసేపు ఆ నాచే నీళ్లలకు ఆక్సిజన్ ఇస్తది, రాత్రి కాంగనే అదే నాచు చేపలతోపాటు ఆక్సిజన్ పీల్చుకునుడు మొదలువెడ్తది, అడుగున కుళ్లేది సుత పీల్చుకుంటది, ఇగ తెల్లారుజామున నీళ్లల ఏం మిగలది. మీరు రేపు పొద్దున చీకటుండంగనే కట్ట మీదికి పోయి చూడండి, చేపలు పైకొచ్చి నోరు తెరిచి గుటకలేస్తుంటే అర్థం ఇదే.

ఇంకో గుర్తు చెప్తా. చచ్చినవాట్ల బొచ్చె, రవ్వ చేపలు ఉండి కొర్రమట్టలు లేకపోతే అది ఆక్సిజన్ సమస్యనే, ఎందుకంటే కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే బురదల సుత బతుకుతది. కొర్రమట్టలు కూడా చచ్చి తేలితే మాత్రం అనుమానించాలె, ఆలస్యం చెయ్యకుండా ఒక సీసాల నీళ్లు పట్టిపెట్టి మత్స్యశాఖోళ్లకు చెప్పండి. ఏ కారణమైనా సరే, చచ్చిన చేపలను ఎవ్వరూ ఇంటికి తీస్కపోవద్దు.

దీనికి ఉపాయం ఏందంటే మురికినీళ్లను నాలా కాడనే ఆపి శుద్ధి చేసుడు, వేరే దారి లేదు. పూడిక తీసేటందుకు 2024 నవంబర్‌ల వరంగల్ భద్రకాళి చెరువును ఖాళీ చేసుడు మొదలువెట్టిండ్రు, మంచి పనే, ఎందుకంటే ఏండ్ల నుంచి దిగిన మురికి అంతా అడుగు మట్టిలనే ఉంటది. కానీ నాలా బందు కాకపోతే ఏ చెరువైనా మళ్లా పచ్చగైతది, గుర్రపు డెక్క మళ్లా కమ్ముకుంటది. మీ అపార్ట్‌మెంట్ డ్రైనేజీ పైపు ఎటు పోతుందో ముందుగాల అది కనుక్కోండి.

ప్రశ్న: మా అత్తమ్మ వాళ్ల ఊర్ల చెరువుల బతుకమ్మ వేస్తరు, మా కాలనీల టబ్బుల నీళ్లు పోసి అండ్లనే వేస్తున్నం. పిల్లలు ఎందుకట్ల అని అడుగుతున్నరు. గునుగు పూలు సుత బజార్ల కొనవడ్తుంది, పైసలు పెట్టినా మంచియి దొరుకుతలేవు. (వరంగల్ నుంచి ఒక అక్క)

జవాబు: అక్కా, టబ్బుల వేసినా బతుకమ్మ బతుకమ్మనే, మనసుల ఏం పెట్టుకోకండి. కానీ పిల్లలకు చెరువు ఎందుకో తప్పకుండ చెప్పాలె. పెత్రమాస నాడు ఎంగిలిపూలతోని మొదలై దుర్గాష్టమి నాడు సద్దులతోని అయిపోయే ఈ తొమ్మిది రోజులు ఎప్పుడొస్తయో చూడండి, వానలు పడి చెరువులు నిండి ఉంటయి, ఎవ్వరూ విత్తనం వెయ్యని తంగేడు, గునుగు వాటంతటవే పూస్తయి. నిండిన నీళ్లు, అడవి పూలు, ఆడోళ్లు, ఈ మూడు ఒక్కకాడికి వచ్చే పండుగ ఇది. వేములవాడల ఏడో రోజే సద్దులు చేస్తరు, మన హన్మకొండల పద్మాక్షి గుట్ట కాడ సద్దుల నాడు కాలు పెట్ట సందు ఉండది. 2014ల రాష్ట్ర పండుగ అయినంక లైట్లు, స్టేజీలు, డీజేలు వచ్చినయి, అవి ఉండనీయండి గానీ చప్పట్ల పాట వినిపించకుండ చేసే డీజే మాత్రం నాకు సయించది. ఒక ముసలమ్మ పాట అందుకుంటే చుట్టూ ఉన్నోళ్లు ఆమె ఎనకనే అనుకుంట తిరిగితేనే చిన్నపిల్లకు పాట వస్తది, స్పీకర్‌ల నుంచి రాదు.

గునుగు ఎందుకు దొరుకుతలేదంటే అది మక్క చేన్లల్ల, పత్తి చేన్లల్ల, బీడు భూములల్ల కలుపు లెక్క మొలిచే చెట్టు. ఇప్పుడు కూలోళ్లు దొరకక అందరు కలుపు మందు కొడుతున్నరు, ఊరి పక్క బీడు ప్లాట్లయింది, ఇగ గునుగు ఎక్కడ మొలవాలె? ఈ యేడు ఒక పని చేయండి, పండుగ అయినంక ఎండిన గునుగు కుచ్చును కాగితం మీద దులపండి, నల్లగ మెరిసే సన్న సన్న గింజలు రాలుతయి, వాటిని పొడి డబ్బాల దాచి తొలకరి వానకు మీ కాలనీ ఖాళీ జాగల చల్లండి, నీళ్లు పొయ్యకున్నా మొలుస్తది. తంగేడు విత్తనం గట్టిది, ఒక రాత్రి నానబెట్టి వెయ్యండి, అది పూతకొచ్చేదాకా ఓపిక పట్టాలె.

పేర్చేటప్పుడు సిబ్బి గానీ తాంబాలం గానీ పెట్టుకొని గుమ్మడాకులు పరిచి, నడుమల తుంచిన ఆకులు, కాడలు నింపుకుంట చుట్టూ తంగేడు, గునుగు, బంతి వరుసలు తిప్పుకుంట పోతే చాలు, థర్మాకోల్ అట్ట పెట్టకండి. గునుగు తెల్లగున్నా ముద్దుగనే ఉంటది, కెమికల్ రంగుల ముంచకుంటే నీళ్లకు, మీ చేతులకు రెండింటికీ మంచిది. బతుకమ్మ పూలతోని చెరువు శుభ్రమైతదని చాలామంది నాకు రాస్తరు, నా మాట ఏందంటే మురికినీళ్లు కలిసే చెరువును పూలు బాగుచెయ్యలేవు, ఆ పని మున్సిపాలిటీది, మనది. టబ్బుల వేసిన పూలను మాత్రం చెత్త బండికి ఇయ్యకుండ చెట్ల మొదట్ల వెయ్యండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్న, బొమ్మలేస్త. మా ఊరి చెరువు, చేపలు పట్టేటోళ్ల జీవితం మీద చేర్యాల నకాశీ తీరుల (బట్ట మీద కథను బొమ్మలుగ వేసే పద్ధతిల) ఒక పటం వెయ్యాలని ఉంది. ఎట్ల మొదలువెట్టాలె? (జనగామ నుంచి ఒక తమ్ముడు)

జవాబు: తమ్మీ, మంచిగ ఆలోచించినవ్. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాల ఉంది, ఇదివరకు మన వరంగల్ జిల్లానే, జనగామ నుంచి నీకు దగ్గర్నే, అందుకే మొదలు పోయి ఒక నకాశీ కళాకారుని ఇంట్ల కూసొని చూసిరా. ఖద్దరు బట్ట మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూస్తరు, ఆరినంక మళ్లా పూస్తరు, ఆ తయారీ సరిగ్గ లేకపోతే పటం చుట్టినప్పుడు రంగు పలుగుతది. ఎనక జాగ అంతా ఎర్రగ నింపుతరు, కథ పైనుంచి కిందికి వరుసగ వస్తది, గదులు గదులుగ, నడుమల పూల అంచు. దూరంవి చిన్నగ, దగ్గరివి పెద్దగ వేసే పద్ధతి ఈ పటాలల్ల లేదు, కథల ఎవరు ముఖ్యమో వాళ్లే పెద్దగ ఉంటరు. నీ కాలేజీల నేర్పిన పర్‌స్పెక్టివ్ ఈ పటానికి జర పక్కన పెట్టాలె.

నువ్వు అడగకున్నా ఒకటి చెప్పాలె. ఈ పటాలు గోడకు వేలాడదీసేటందుకు పుట్టలేదు, కులాలకు వాళ్ల వాళ్ల పురాణం చెప్పేటందుకు పుట్టినయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు వాళ్ల కథ, అట్లనే చెరువు చేపల మీద బతికే ముదిరాజులకు కాకిపడగల వాళ్లు వచ్చి పటం కట్టి పాండవుల కథ చెప్పేటోళ్లు. కథ చెప్పేటోళ్లకు ఇంత ముట్టజెప్పాలంటే కులం చేతుల నాలుగు పైసలు ఆడాలె, ఆ పైసలు రావాలంటే చెరువు నిండాలె. చెరువుకు, బొమ్మకు సంబంధం అక్కడుంది, నీ పటంల అది కనిపిస్తే మస్తుంటది.

ఫోటో చూసి వెయ్యకు. కట్ట మీద కూసొని చూడు, ఇసురువల భుజం మీద ఎట్ల వేసుకుంటరు, అంచు పంటితోని ఎట్ల పట్టుకుంటరు, ఇసిరినంక వల నీళ్ల మీద గుండ్రంగ పరుచుకునే ఆ క్షణం, అంచుకు కట్టిన సీసం గుండ్లు ముందుగాల మునుగుతయి, నడుమ భాగం ఒక గడియ మీదనే ఆగుతది. వేసేముందు వాళ్లను అడిగి వెయ్యి, అయినంక మొదలు వాళ్లకే చూపెట్టు.

ప్రశ్న: మా చెరువు కట్టను సుందరీకరణ చేస్తం, చుట్టూ గ్రానైట్, రెయిలింగ్, లైట్లు అని అంటున్నరు. వాకింగ్‌కు మంచిగనే ఉంటది కానీ చేపలు పట్టేటోళ్లు వద్దంటున్నరు. మా కాలనీ అసోసియేషన్ ఏ దిక్కు నిలబడాలె? (వరంగల్ జిల్లా నుంచి ఒక రిటైర్డ్ సార్)

జవాబు: సార్, చేపలు పట్టేటోళ్ల దిక్కే నిలబడండి, వాకింగ్ ట్రాక్ కూడా అడగండి, రెండూ కుదురుతయి. కట్ట మీద నడక దారి ఏసినందుకు చెరువుకు వచ్చే నష్టం లేదు. నష్టం ఎక్కడంటే కట్ట కాకుండ మిగతా మూడు దిక్కుల కూడా గోడ పెట్టినప్పుడు. మన చెరువుకు ఒక్క దిక్కే కట్ట ఉంటది, అవతల దిక్కు నేల నిదానంగ నీళ్లలకు దిగుతది, అదే శిఖం. వానకాలం అక్కడిదాకా నీళ్లొస్తయి, ఎండాకాలం తేలుతది, అండ్ల గడ్డి మొలిస్తే బర్లు మేస్తయి, లోతు లేని ఆ నీళ్లలనే చేప పిల్లలు పెరుగుతయి, చలికాలం వలస వచ్చే బాతులు, ఉల్లంకి పిట్టలు ఆ బురదలనే మేస్తయి. అక్కడ గ్రానైట్ గోడ కడితే కొంగ నిలబడ జాగ ఉండది, దూరం నుంచి వచ్చిన పిట్ట ఇంకో చెరువుకు పోతది.

ఇంకోటి, కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసుకట్టు, పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతయి. నడుమల కాలువ మీద ఇండ్లు కట్టి, శిఖంల ప్లాట్లు చేసి, మత్తడి కాడ దారి చిన్నగ చేస్తే ఏమైతదో 2023 జులైల మన వరంగల్ మొత్తం చూసింది, భద్రకాళి చెరువు కట్టకే గండి పడ్డది. కాబట్టి అసోసియేషన్ తరఫున కాగితం పెట్టేటప్పుడు లైట్ల కంటె ముందు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగ నిండితే నీళ్లు వచ్చేదాకా) హద్దు రాళ్లు పాతమనండి, మత్తడి, తూము, వచ్చే కాలువ పూర్తిగ తెరిచి ఉంచమనండి. బతుకమ్మ దించేటందుకు, వలలు ఆరేసేటందుకు, తెప్పలు పెట్టేటందుకు రెయిలింగ్ లేకుండ మెట్లు, జాగ అడగండి. కట్ట మైసమ్మ గుడికి బోనం ఎత్తుకొని వచ్చే దారిని టికెట్ గేటు లోపల పెట్టనీయకండి. లైట్లు నడిచే దారి మీద పడాలె గానీ నీళ్ల మీద పడొద్దు, రాత్రి పిట్టలు పడుకోవాలె. చేపలోళ్ల సొసైటీ మనిషిని ఒకల్ని మీ మీటింగ్‌ల కూసోబెట్టుకోండి, నీళ్లు ఎక్కడ ఎంత లోతున్నయో, మట్టి ఎక్కడ మెత్తగుందో ఆయన చెప్పినట్టు ఇంజినీర్ మ్యాప్ చెప్పది.

ప్రశ్న: పిల్లలతోని ఒక్కరోజు ట్రిప్, రామప్ప మంచిదా, పాకాల మంచిదా, లక్నవరం మంచిదా? (కాజీపేట)

జవాబు: పిల్లలు చిన్నోళ్లయితే లక్నవరం, వేలాడే వంతెన మీద వాళ్లకు సంబరం. అడవి, సప్పుడు లేని నీళ్లు కావాలంటే నర్సంపేట దాటి పాకాల, గణపతిదేవుని కాలంల గుట్టల నడుమ కట్ట పోసి చేసిన చెరువు, మున్నేరు అక్కడనే పుడ్తది. నా ఓటు మాత్రం రామప్పకు. 1213ల గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, నీళ్లల తేలే ఇటుకలు, ఇసుక మీద పునాది అని గైడ్ అన్నీ చెప్తడు, నల్లరాతి మదనికల (ఆడోళ్ల శిల్పాల) నగలు, ఒకామె కాళ్లకున్న ఎత్తుమడమల చెప్పులు పిల్లలకు చూపెట్టండి. చాలామంది గుడి చూసి బండెక్కుతరు, మీరు అట్ల చెయ్యకుండ చెరువు దాకా పోండి. గుడి కట్టినోళ్లే పక్కన చెరువు తవ్వించిండ్రు, ఎనిమిది వందల ఏండ్లయినా అది ఇప్పటికీ పొలాలకు పారుతుంది, తూము కాడ నిలబడి కాలువ ఎటు పోతుందో చూస్తే గుడి ఇంకా బాగ అర్థమైతది.

ప్రశ్న: మా కరీంనగర్‌ల మానేరు ఒడ్డున రివర్ ఫ్రంట్ అంటున్నరు, అక్కడ మా ఊరి వెండి ఫిలిగ్రీకి చోటు ఉంటే బాగుండు కదా? (కరీంనగర్)

జవాబు: చాల మంచి మాట. కానీ షోరూం కాదు, పని చేసుకుంట కూసునే చోటు కావాలె. వెండిని వెంట్రుక లెక్క సన్నగ తీగ లాగి, రెండు తీగలు పేని, నొక్కి, చట్రం లోపల చిన్న చిన్న చుట్టలు అతికే పని కండ్ల ముందర చూస్తెనే దాని ధర ఎందుకంతుందో మనిషికి తెలుస్తది. మీ కార్పొరేటర్‌కు రాసి ఇయ్యండి, పక్కన గంగపుత్రుల చేపల అంగడికి సుత జాగ అడగండి.

ప్రశ్న: మా నాయిన పెద్ద మనిషి అయిండు, పుష్కరాలల్ల గోదావరి స్నానం చేయించాలని ఉంది. ధర్మపురికి తీస్కపోవాల్నా, కాళేశ్వరమా? (భూపాలపల్లి)

జవాబు: గోదావరి పుష్కరాలు 2015ల అయినయి, మళ్ల 2027ల వస్తయి. మీకు కాళేశ్వరం దగ్గర, ప్రాణహిత వచ్చి గోదావరిల కలిసేది అక్కడనే, ఒక్క పానవట్టం మీద రెండు లింగాలుండే గుడి కూడా ఆయనకు చూపెట్టినట్టైతది. పెద్ద మనిషి కాబట్టి మొదటి రోజు, ఆఖరి రోజు, ఆదివారం వద్దు, వారం నడుమల పొద్దుగాల్నే పోండి. విడిచిన బట్టలు, ప్లాస్టిక్ కవర్లు నదిల వదలకుండ ఒక సంచి వెంట తీస్కపోండి. నాయినకు నడుచుడు కష్టమైతే ఘాట్ల పై మెట్టు మీదనే కూసోబెట్టి చెంబుతోని నీళ్లు పొయ్యండి, అది కూడా స్నానమే.