జపాన్ రాజకీయాల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టే ముందు

చిరంజీవి హారికకు ఆశీస్సులు.

నీ సినాప్సిస్ మొత్తం చదివాను. జపాన్ రాజకీయాల్లో ఆడవాళ్లు ఎందుకింత తక్కువ అన్న ప్రశ్న పట్టుకున్నావు, చాలా సంతోషం. 2024 అక్టోబరు ఎన్నికల్లో దిగువసభకు గెలిచిన 465 మందిలో మహిళలు 73 మంది. వాళ్ల చరిత్రలో అప్పటికి అదే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి తకాయిచి సనాయె తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఈ రెండూ ఒకే దేశంలో ఎలా కుదిరాయో అడగాల్సిందే. కానీ రెండో పేజీకి వచ్చేసరికి "జపనీయుల సంప్రదాయ మనస్తత్వం" అని రాసి చేతులు దులిపేసుకున్నావు. ఆ వాక్యం కొట్టెయ్యి. నీ థీసిస్‌లో ఎక్కడా దాన్ని మళ్లీ రానివ్వకు.

ఎందుకంటావా? జపాన్‌ను ఎక్కువ కాలం ఏలిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీలో ముఠాల గురించి కూడా ఒకప్పుడు ఇలాగే రాసేవాళ్లు, గుంపుగా ఉండటం జపనీయుల స్వభావమని. అసలు సంగతి ఎన్నికల చట్టంలో ఉంది. పాత పద్ధతిలో చాలా నియోజకవర్గాల నుంచి ముగ్గురు నుంచి ఐదుగురు గెలిచేవారు, ఓటరుకు మాత్రం ఒక్కటే ఓటు. మెజారిటీ రావాలంటే పార్టీ ఒకే చోట ఇద్దరినో ముగ్గురినో నిలబెట్టాలి. సొంత పార్టీవాడే పోటీకి వస్తే పార్టీ జెండా ఏం అక్కరకొస్తుంది? అందుకే ఎవరికి వారు కోఎన్‌కాయ్ అనే సొంత మద్దతుదారుల సంఘం కట్టుకున్నారు, డబ్బుకీ పదవికీ ముఠా నాయకుణ్ణి ఆశ్రయించారు. 1994లో ఆ పద్ధతి మార్చి ప్రధానంగా ఒక్క సీటు నియోజకవర్గాలు తెచ్చాక ముఠాల పట్టు సడలుతూ వచ్చింది. జనం స్వభావం అంత త్వరగా మారుతుందా?

నీ ప్రశ్ననీ ఇలాగే విప్పు. ఒక్క సీటు నియోజకవర్గంలో నిలబడాలంటే డిపాజిట్ 30 లక్షల యెన్‌లు. సిట్టింగ్ ఎంపీ ఉన్నచోట కొత్తవాళ్లకి టికెట్ రావడం కష్టం. ఆయన తప్పుకున్నాక ఆ సీటు కొడుక్కి వెళ్లడం ఎలా ఉంటుందో మన వైపు పుట్టినదానివి, నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికన్ పుస్తకాల్లో వింతలా కనిపించేది నీకు వింత కాదు, అది నీ బలం. 2018లో వచ్చిన చట్టం అభ్యర్థుల్లో స్త్రీ పురుషుల సంఖ్య వీలైనంత సమానంగా ఉండాలంటుంది, పాటించకపోతే శిక్ష లేదు. మన పంచాయతీల్లో సగం సీట్లు మహిళలకి రిజర్వు చేసిన పద్ధతి చూసి పెరిగావు కాబట్టి, ఆ చట్టంలో ఏం లేదో నీ కంటికి ముందే ఆనుతుంది. ఆ బిల్లు మీద జరిగిన చర్చ మొత్తం చదువు. 1947 నుంచి పార్లమెంటు మాటలన్నీ నేషనల్ డైట్ లైబ్రరీ (డైట్ అంటే వాళ్ల పార్లమెంటు) వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఆఫీసు కాగితాలంటే విసుక్కోకు. కోబె గకుయిన్ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగం చెప్పే కమివాకి హిరోషి గారిని చూడు. ముఠాలు విరాళాల కోసం విందు పార్టీలు పెట్టి వాటికి ప్రవేశ టికెట్లు అమ్మేవి. ఒక్కరే 2 లక్షల యెన్‌లకి మించి కొంటే వాళ్ల పేరు లెక్కల్లో చూపాలని అప్పటి నియమం. కొన్న రాజకీయ సంఘాలు కూడా తమ ఖర్చుల లెక్క విడిగా దాఖలు చేస్తాయి. 2022 నవంబరులో జపాన్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక అకాహతా ఈ రెండు లెక్కలూ కలవడం లేదని బయటపెడితే, ఆయన ఆ నివేదికల్ని తనే కూర్చుని సరిపోల్చి ప్రాసిక్యూటర్లకి ఫిర్యాదులు చేశారు. ఇచ్చినవాళ్ల దగ్గర ఉంది, పుచ్చుకున్నవాళ్ల దగ్గర లేదు. ఎవరైనా తీసి చూడగల కాగితాలే అవి! 2024 జనవరికల్లా అబే, కిషిద, నికాయ్ ముఠాలు రద్దు ప్రకటించుకున్నాయి. ఆ అక్టోబరులో ఆ పార్టీ నడిపే పాలక కూటమి మెజారిటీ పోగొట్టుకుంది.

కాగితాల్లో తేదీలు చక్రవర్తి శకంలో ఉంటాయి, రెయ్‌వా 6 అంటే 2024. ఓట్ల పట్టికలో దశాంశాలు కనిపిస్తే అచ్చుతప్పనుకోకు. అక్కడ ఓటరు అభ్యర్థి పేరు చేత్తో రాస్తాడు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు నిలబడి, బ్యాలెట్ మీద ఇంటిపేరు ఒక్కటే ఉంటే, ఆ ఓటుని వాళ్లకొచ్చిన మిగతా ఓట్ల నిష్పత్తిలో పంచుతారు.

ఇక దేశమంతా పెట్టుకోకు, ఒక ఊరు ఎంచుకో. కొచ్చి ప్రిఫెక్చర్‌లో (మన జిల్లా లాంటిదే) ఒకావా అనే గ్రామం ఉంది, 2017 నాటికి జనాభా సుమారు 400. గ్రామ మండలికి నిలబడేవాళ్లు దొరక్క, ఆ ఏడు మండలినే తీసేసి ఊరంతా కలిసి సభ పెట్టుకుందామా అని ఆలోచించారు. అలాంటి చోట ఆడవాళ్లు ఎందుకు లేరని అడగడానికి ముందు, మగవాళ్లయినా ఎవరు నిలబడగలుగుతున్నారో చూడాలి. పగటిపూట సమావేశాలు, తక్కువ జీతం. ఉద్యోగం చేసుకునేవాళ్లకి అది కుదిరే పనేనా?

ప్రచారం ఒకటి దగ్గరుండి చూడు. దిగువసభకి 12 రోజులే ప్రచారం, ఇంటింటికీ వెళ్లి ఓటడగడం నిషేధం. అందుకే వ్యాను, మైకు, తెల్ల గ్లౌజుల చేతులు, పదేపదే పేరు. నువ్వు మాత్రం వ్యాను వెంట పరిగెత్తకుండా కోఎన్‌కాయ్ మహిళా విభాగంతో కూర్చో. ఫోన్లు చేసేదీ, టీ అందించేదీ, ఎవరింట్లో ఎవరు పోయారో గుర్తుపెట్టుకునేదీ వాళ్లే. ఆ 73లో వీళ్లెవరూ లెక్కకి రారు, కానీ రాజకీయం నడిపేది వీళ్లే. అభ్యర్థి మగవాడైతే భార్య ఊరంతా తిరిగి దండాలు పెడుతుంది. అభ్యర్థే ఆడదైతే ఆ పని ఎవరు చేస్తారు? ప్రతి ఇంటర్వ్యూలో ఇది అడుగు. నాకు నీ థీసిస్ గుండెకాయ ఇక్కడే కనిపిస్తోంది.

ఎంపీల్ని కలవాలంటే శని, ఆదివారాల్లో వాళ్ల నియోజకవర్గానికి వెళ్లు. చాలామంది శుక్రవారం ఊరికి వెళ్లి మంగళవారం టోక్యో తిరిగొస్తారు. ముందు సెక్రటరీకి ఉత్తరం రాయి, తెలిసినవాళ్ల పరిచయంతో వెళ్లు. రికార్డర్ అడిగాకే తియ్యి.

జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో ఉంటాయి. ఈలోగా అక్కడ ఒక గైడ్‌ని చూసుకో, ఆయన రాసినవి చదివాకే ఉత్తరం రాయి. ఆ ఉత్తరం జపనీస్‌లోనే రాసి ముందు నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

మీ పెద్దమ్మ