పొగమంచు తీరంలో పాత గులాబీలు: ఏది కొనాలి, ఏది వద్దు

శాన్‌ఫ్రాన్సిస్కో పడమటి పేటలు, డేలీ సిటీ, పసిఫికా, హాఫ్ మూన్ బే వైపు ఇల్లు తీసుకున్న మనవాళ్లు పెరడు చూడగానే గులాబీలు నాటాలనుకుంటారు. సన్నీవేల్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉన్న స్నేహితులు చెప్పిన రకమే తెస్తారు. కొండకు అవతల ఎండలో బాగా వచ్చిన మొక్క ఇవతల పొగమంచులో నీరసిస్తుంది. ఇక్కడ జూలైలో కూడా చాలా రోజులు పగటి వేడి 18 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే ఉంటుంది. చలికాలంలో గడ్డకట్టే చలీ లేదు. కాబట్టి మొక్క కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: చలి లేకుండా పూస్తుందా? తడిగాలిలో మొగ్గ విచ్చుకుంటుందా?

పాత గులాబీ అంటే వయసైన మొక్క కాదు. 1867లో ఆధునిక గులాబీల్లో మొదటిదిగా చెప్పే 'లా ఫ్రాన్స్' రాకముందే ఉన్న తరగతుల్లోవన్నీ పాతవి. 'మిసెస్ బి.ఆర్. కాంట్' 1901లో వచ్చినా టీ తరగతి అంతకుముందే ఉంది కనుక అదీ పాతదే.

గాలికా, ఆల్బా, సెంటిఫోలియా తరగతులను ఈ తీరంలో వదిలేయండి. అవి చలికి బాగా విశ్రాంతి తీసుకుని వసంతంలో ఒక్కసారే పూసే జాతులు. చలి చాలకపోతే ఆకులు బాగానే వేస్తాయి, పూలే పలచగా వస్తాయి. ఫొటోల్లో అందరికంటే అందంగా ఉండేవీ ఇవే, అదే చిక్కు. మీకు పనికొచ్చేవి చైనా, టీ, నాయిజెట్ తరగతులు. వీటికి నిద్ర అక్కర్లేదు, ఇంచుమించు ఏడాదంతా పూస్తాయి.

ఒక్క మొక్కకే చోటుంటే 'మ్యూటాబిలిస్' నాటండి. ఐదే రేకులు. తేనె రంగులో విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ముదురెరుపుకు తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద మూడు రంగులూ కనిపిస్తాయి. చిన్నదని మోసపోకండి, ఆరడుగుల పైనే పెరుగుతుంది. దేవుడి గదికి రోజూ నాలుగు పూలు కావాలంటే 'ఓల్డ్ బ్లష్', ఎర్రవి కావాలంటే 'లూయీ ఫిలిప్'. సువాసనకు 'డచెస్ ద బ్రబాంట్' (1857). పొగమంచు మరీ దట్టంగా ఉండే చోట దీని చిగుళ్లకు కొద్దిగా బూడిద తెగులు తగలొచ్చు. కంచె మీదికి పాకించడానికి 'క్రెపుస్క్యూల్' (1904), పండిన ఆప్రికాట్ రంగు. 'లామార్క్' (1830) వేడి పట్టే దక్షిణపు గోడ ఉంటేనే. టీ గులాబీల కాడ మెత్తన, పువ్వు తలవంచుతుంది. జడలో పెట్టుకోవచ్చు గానీ కోసి పూలజాడీలో పెడితే రెండో రోజుకే రాలుతుంది.

మొగ్గ సంగతి జాగ్రత్తగా చూడండి. రేకులు కిక్కిరిసిన పూలు తేమకు 'బంతి కట్టేస్తాయి': పై రేకులు తడిసి ఎండి, గోధుమరంగు కాగితంలా ఒకదానికొకటి అంటుకుంటాయి. లోపలి రేకులు తోసినా తెరుచుకోదు, మొగ్గ మొగ్గగానే కుళ్లుతుంది. 'సువెనీర్ ద లా మాల్మేజాన్' (1843) ఎంత అందమైనదో ఈ విషయంలో అంత మొండిది. సముద్రం నుంచి మైలు లోపు ఉంటే కొనకండి.

శాన్‌హోసేలో గ్వాడలూప్ నది పార్కులోని హెరిటేజ్ రోజ్ గార్డెన్‌కి ఏప్రిల్ చివర వెళ్తే ఈ రకాలెన్నో పక్కపక్కన చూడొచ్చు. అది ఎండ ప్రాంతమని మాత్రం గుర్తుంచుకోండి. సువాసన, సైజు అక్కడ చూసుకోండి, తెగుళ్ల సంగతి మీ వీధిలో వాకబు చేయండి.

కొనేటప్పుడు సొంత వేళ్ల మీద పెరిగిన మొక్కే అడగండి. అంటు మొక్కలకు ఇక్కడ తరచుగా 'డాక్టర్ హ్యూయీ' అనే మరో గులాబీ వేరు వాడతారు. కింద నుంచి దాని పిలకలు లేచి ముదురెరుపు పూలు పూస్తే మీ గులాబీ రంగు మారిందనుకోకండి, అసలు మొక్కను వేరు మింగేస్తోంది. సొంత వేళ్లవి నాలుగంగుళాల కుండీల్లో వేలెడంత వస్తాయి. వాటిని నేరుగా నేలలో పెట్టకుండా, ఒక గాలన్ కుండీలో వేళ్లు నిండేదాకా పెంచి నాటండి. గొయ్యి రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. గోఫర్లు (నేలలో బొరియలు తవ్వే ఎలుకలాంటి జంతువులు) ఉన్న చోట ఇనుప తీగ బుట్ట తప్పనిసరి, లేకపోతే వేళ్లన్నీ కొరికేసిన మొక్క ఓ పొద్దున్న చేతికి ఊడి వస్తుంది. మొక్కకీ మొక్కకీ ఆరేడు అడుగులు వదలండి. కిక్కిరిస్తే గాలాడక బూడిద తెగులు పడుతుంది. ఆరు గంటల ఎండ వచ్చే చోటు వెతకండి, అందులోనూ ఉదయపు ఎండ.

బూడిద తెగులు తడి ఆకు మీద మొలవదు, గాలిలో తేమ చాలు. అందుకే దానికి పొద్దున్నే ఆకులను నీళ్లతో కడగడం పని చేస్తుంది. తుప్పు తెగులు దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఆకు అడుగున నారింజ పొడి, దానికి తడే బలం. రెండూ ఉంటే కడగడం ఆపి పాదులోనే నీళ్లు పెట్టండి, తుప్పు పట్టిన ఆకులు తుంచి చెత్తలో వేయండి. జనవరిలో పాత ఆకులన్నీ దూసేస్తే తెగులు కొత్త ఏడాదికి దాటడం తగ్గుతుంది.

కత్తెర విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, ఆధునిక గులాబీలను మోకాలెత్తుకు నరికినట్టు టీ మొక్కలనూ నరకడం. అవి తిండి పాత కొమ్మల్లో దాచుకుంటాయి. ఎండుపుల్లలు, పీలకొమ్మలు తీసేసి ఊరుకోండి. మూడో వంతుకు మించి కోయొద్దు. పొద నిండుగా రావడానికి మూడేళ్లు పడుతుంది, మొదటి ఏడాది మొగ్గలు తుంచేస్తే త్వరగా బలపడుతుంది.

ఇండియాలో ఇంటి దగ్గర పెరిగిన పన్నీరు గులాబీ కొమ్మ తెచ్చుకుందామని సూట్‌కేసులో పెట్టకండి. మొక్కలకు ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, చెప్పకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో లాగేసుకుని జరిమానా కూడా వేయొచ్చు. మన దగ్గర అలా వాసనకు పేరున్న ఎడ్వర్డ్ గులాబీ బర్బన్ అనే పాత తరగతిది. ఆ తరగతి హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవిలో డమాస్క్, చైనా జాతులు కలిసి పుట్టింది. ఆ వాసనకు దగ్గరగా ఏదైనా కావాలంటే ఇక్కడి పాత గులాబీల నర్సరీల్లో బర్బన్ల వరుస దగ్గర మొదలుపెట్టి, పువ్వు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని చూసే కొనండి.